సాచెల్ పేజ్: సరిహద్దే బేరం

(కాన్సాస్ సిటీలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు మాట్లాడమన్నారు కాబట్టి మీ ఆకలి సంగతి నేను మర్చిపోను. బేస్‌బాల్ ఆడే పిల్లలు వెనక వరుసల్లో కూర్చున్నారు, ముందుకు రండమ్మా. మీకు ఆట తెలుసు. మీ అమ్మానాన్నల్లో సగం మంది మిమ్మల్ని ప్రాక్టీసుకి దింపేసి కార్లో ఫోన్ చూసుకుంటూ ఉంటారని నాకూ తెలుసు. అందుకని వాళ్ల కోసం ముందు ఆట గురించి నాలుగు మాటలు చెప్పి, తర్వాత మనిషి దగ్గరికి వస్తాను.

ఆ మనిషి పేరు లీరాయ్ రాబర్ట్ పేజ్. లోకానికి సాచెల్ పేజ్. సాచెల్ అంటే చేతిసంచి. చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో ప్రయాణికుల సంచులు మోసేవాడు, ఆ పేరు అక్కడ వచ్చిందే. పుట్టింది అలబామాలోని మొబీల్ అనే రేవుపట్నంలో, 1906లో. కానీ ఇల్లు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, 1982లో కన్నుమూసింది మన కాన్సాస్ సిటీలోనే. ఆయన సమాధి ఇక్కడి ఫారెస్ట్ హిల్ శ్మశానంలో ఉంది. పద్దెనిమిదో వీధి, వైన్ వీధి కలిసే చోట నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం ఉంది కదా, అందులో కంచు విగ్రహాలన్నీ మైదానంలో నిలబడినట్టు పెట్టారు. పిచ్చర్ స్థానంలో ఉన్నది ఈయనే.

సరే, పిచ్చర్ అంటే ఏమిటి? మన బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చి మోచెయ్యి వంచకుండా బంతి వేస్తాడు, బంతి నేలమీద పడి లేస్తుంది. పిచ్చర్‌కి ఆ పరుగు లేదు. చిన్న దిబ్బ మీద నిలబడి, ఒళ్లంతా మెలితిప్పి, చెయ్యి వంచి విసురుతాడు. బంతి నేల తాకకుండా 60 అడుగుల 6 అంగుళాలు వెళ్లి, 17 అంగుళాల వెడల్పున్న ప్లేటు మీదుగా పోవాలి. బ్యాటర్ మోకాలికి కింద పోకూడదు, ఛాతీకి పైన పోకూడదు. ఈ విసురులో బరువంతా పడేది భుజం మీదా, మోచెయ్యి మీదా. ఇప్పటి పిచ్చర్లు ఒక మ్యాచ్‌లో వంద బంతులు విసిరితే మళ్లీ నాలుగైదు రోజుల దాకా బంతి ఇవ్వరు. కోట్ల డాలర్ల చెయ్యి అది, జాగ్రత్తగా దాచుకుంటారు.

పేజ్ చేతిని ఎవరూ దాచలేదు. వేసవిలో లీగ్ మ్యాచ్‌లు. లీగ్ అయిపోగానే ఊరూరా తిరిగి ఆడే పోటీలు. చలికాలంలో కాలిఫోర్నియా, లేకపోతే సముద్రం దాటి కరీబియన్ దీవులు. పోస్టర్ మీద ఆయన పేరుంటేనే టికెట్లు తెగేవి కాబట్టి రెండు మూడు ఇన్నింగ్స్ అయినా విసరాల్సిందే (బేస్‌బాల్ మ్యాచ్‌కి ఒక్కో జట్టుకీ తొమ్మిది ఇన్నింగ్స్). రెండున్నర వేల మ్యాచ్‌లు ఆడాను, రెండు వేలు గెలిచాను అని ఆయనే చెప్పుకునేవాడు. ఆ లెక్కని అలాగే మింగెయ్యకండి. మ్యాచ్ ఎంత బాగా ఆడేవాడో కథ కూడా అంత బాగా చెప్పేవాడు. పుట్టిన తేదీ అడిగితే, ఆ కాగితం పెట్టిన బైబిల్‌ని మేక తినేసిందనేవాడు. మన ఊళ్లలో బడి రికార్డు పుట్టినరోజు ఒకటి, అమ్మ చెప్పే పుట్టినరోజు ఇంకొకటి ఉన్నవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని నేను అడగను. (నవ్వులు)

పన్నెండేళ్ల వయసులో చిల్లర దొంగతనానికీ, బడి ఎగ్గొట్టినందుకూ పట్టుకుని మౌంట్ మీగ్స్ అనే ఊళ్లో నల్లజాతి పిల్లల సంస్కరణ పాఠశాలకి పంపారు. ఐదేళ్లకు పైగా అక్కడే. బంతి విసరడం అక్కడే ఒక కోచ్ నేర్పాడు. 1923 చివర్లో బయటికొచ్చాడు, 1926లో చటనూగా జట్టులో చేరాడు. జీతం నెలకి 50 డాలర్లు. మరుసటి ఏడు బర్మింగ్‌హామ్. 1930ల మొదట్లో పిట్స్‌బర్గ్ క్రాఫోర్డ్స్. ఆ జట్టు యజమాని గస్ గ్రీన్‌లీ, నల్లజాతి వ్యాపారి. పైకి హోటలు, లోపల మట్కా లాంటి నంబర్ల ఆట. ఆ డబ్బుతో సొంతంగా స్టేడియం కూడా కట్టించాడు.

ఇవన్నీ నల్లజాతి లీగుల జట్లు. మేజర్ లీగ్ అనే పెద్ద లీగులో అప్పుడు ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. రాతలో ఎక్కడా నిషేధం లేదు, యజమానులందరూ కలిసి పాటించిన కట్టు అది. పేజ్ తెల్ల ఆటగాళ్లతో ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడేవాడు, గెలిచేవాడు, చప్పట్లు కొట్టించుకునేవాడు. రాత్రి అదే ఊళ్లో హోటల్ గది ఇచ్చేవాళ్లు కాదు. నార్త్ డకోటాలోని బిస్మార్క్‌లో నీల్ చర్చిల్ అనే కార్ల వ్యాపారి ఒక జట్టు నడిపేవాడు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడే జట్టు, ఆ కాలానికి అది పెద్ద విషయమే. 1935లో విచిటాలో జరిగిన మొదటి జాతీయ సెమీ ప్రో టోర్నమెంటు పేజ్ బంతులతోనే గెలిచారు. కానీ బిస్మార్క్‌లో ఆయనకీ కొత్త పెళ్లికూతురికీ ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. ఒక పాత రైలు పెట్టెలో కాపురం పెట్టారు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను. పేజ్ మీద ఆ రోజుల పత్రికలు వేసిన పెద్ద నింద, మాట మీద నిలబడడని. ఒక జట్టుతో కాంట్రాక్టు రాసుకుంటాడు, సీజన్ మధ్యలో ఇంకెవరో ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోతాడు. దేశం దాటి మరీ వెళ్లిపోతాడు. నింద అబద్ధం కాదు. నిజంగానే వెళ్లాడు, ఒకసారి కాదు. కానీ నన్నడిగితే, ఆ మనిషి దగ్గర బేరానికున్న ఆయుధం అదొక్కటే. మనలో చాలామంది చేతిలో ఇంకో ఆఫర్ లెటర్ ఉన్నప్పుడే పాత కంపెనీతో జీతం గట్టిగా మాట్లాడినవాళ్లం. పెద్ద లీగ్ తలుపు మూసుకుంది. నల్లజాతి లీగుల యజమానులు ఒకరి ఆటగాణ్ని ఒకరు తీసుకోకూడదని తమలో తాము ఒప్పందం చేసుకున్నారు. మరి ఆటగాడు ఎక్కడికి పోవాలి? ఒప్పందం చెల్లని చోటికి. అంటే సరిహద్దు అవతలికి.

మొదటిసారి వెళ్లింది 1929 చివర్లో, క్యూబాకి. శాంటా క్లారా జట్టుకి ఒక చలికాలం ఆడాడు. అక్కడ పెద్దగా మెరవలేదు. గెలుపులూ ఓటములూ దాదాపు సమానం. క్యూబాని అలా వదిలేద్దాం.

1937 దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి.

డొమినికన్ రిపబ్లిక్ అంటే కరీబియన్‌లో హైతీ పక్కనున్న దేశం. అక్కడ అప్పుడు రఫాయెల్ ట్రుహీయో పాలన. 1930లో అధికారం పట్టుకున్న నియంత. 1936లో దేశ రాజధాని శాంటో డొమింగో పేరు తీసేసి తన పేరే పెట్టించుకున్నాడు, సియుదాద్ ట్రుహీయో అని. అక్కడ జనానికి బేస్‌బాల్ అంటే పిచ్చి. అదే ఏడాది లీగ్ టైటిల్ గెలిచింది శాన్ పెడ్రో దె మకోరీస్ అనే చెరకు మిల్లుల ఊరి జట్టు. తన పేరు మోస్తున్న నగరం ఇంకో ఊరి చేతిలో ఓడడమా? రాజధానిలో ఎప్పట్నించో తగువులాడుకునే రెండు జట్లు, లిసేయ్, ఎస్కోహీదో. ఆ రెంటినీ కలిపి ఒకే జట్టు చేశారు, డ్రాగన్లు అని. దాని పని చూసే పెద్దమనిషి డాక్టర్ హోసె ఎన్రీకె ఐబార్, దంతవైద్యం ప్రొఫెసర్. ఆయన సూట్‌కేసు పట్టుకుని న్యూ ఆర్లియన్స్ దిగాడు. క్రాఫోర్డ్స్ జట్టు అక్కడ సీజన్‌కి ముందు ప్రాక్టీసులో ఉంది.

ఐబార్ పేజ్ ముందు పెట్టిన మొత్తం 30,000 డాలర్లు. పేజ్‌కీ, ఆయన తెచ్చే ఎనిమిది మందికీ కలిపి. ఎవరికెంత అన్నది ఆయనే పంచుకోవచ్చు. డబ్బు ముందే బ్యాంకులో వేశారు. అమెరికాని ఆర్థిక మాంద్యం నమిలేస్తున్న రోజులవి. నల్లజాతి లీగుల్లో మంచి ఆటగాడికి నెలకి కొన్ని వందల డాలర్లు వస్తే గొప్ప. పేజ్ వెళ్లాడు. వెనకే జాష్ గిబ్సన్ వెళ్లాడు, ఆ కాలపు భీకరమైన బ్యాటర్. కూల్ పాపా బెల్ వెళ్లాడు, అతని పరుగు గురించి కథలే కథలు.

అక్కడ వారమంతా ఆట లేదు, ఎక్కువగా శని ఆదివారాల్లోనే. మిగతా రోజులు హాయిగా ఉండొచ్చు. హోటల్లో గది దొరుకుతుంది, రెస్టారెంట్లో ముందు తలుపు నుంచి వెళ్లి కూర్చోవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మైదానం చుట్టూ తుపాకులతో సైనికులు ఉండేవాళ్లు. పేజ్ తర్వాత చెప్పిన కథ ప్రకారం, చివరి మ్యాచ్ ముందు రాత్రి తమని జైల్లో పెట్టి తాళం వేశారనీ, ఓడితే ప్రాణాలతో బయటపడమని అందరూ వణికారనీ. ఇందులో ఎంత ఉప్పు, ఎంత కారం అన్నది ఆయనకే తెలియాలి. చెప్పిన ప్రతిసారీ సైనికుల సంఖ్య పెరుగుతూ ఉండేది. ఆటగాళ్లని రాత్రిళ్లు తిరగనివ్వకుండా కాపలా పెట్టారన్నంత వరకు నమ్మొచ్చు. స్కోరుబోర్డు మాత్రం అబద్ధం చెప్పదు. ఆ సీజన్లో పేజ్ 8 గెలిచి 2 ఓడాడు, గిబ్సన్ బ్యాటింగ్ సగటు .453, అంటే వెయ్యిసార్లు ఆడితే 453 సార్లు బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినట్టు, దాన్నే హిట్ అంటారు. టైటిల్ నియంత నగరానికే వచ్చింది.

ఇక్కడ పేజ్‌ని వెనకేసుకొస్తున్న నేను కూడా కాస్త ఆగాలి. అదే 1937 అక్టోబరులో, ఆటగాళ్లు ఇంటికి వెళ్లిపోయిన కొన్ని నెలలకి, అదే ట్రుహీయో ఆజ్ఞతో సరిహద్దు జిల్లాల్లో వేలమంది హైతీ ప్రజల్ని నరికి చంపారు. నల్లజాతి కూలీలు వాళ్లు. తన దేశంలో నల్లవాడన్న కారణంగా గది దొరకని ఆటగాడికి ఎర్ర తివాచీ పరిచిన ప్రభుత్వమే ఆ పని చేసింది. పేజ్‌కి ముందే తెలిసే అవకాశం లేదు, నిజమే. కానీ ఆ 30,000 డాలర్లు గురించి ముచ్చటగా చెప్పుకునే ప్రతిచోటా ఈ సంగతి కూడా చెప్పాలని నా పట్టు.

నష్టపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. డొమినికన్ యజమానులు ఒకరితో ఒకరు పోటీపడి చేసిన ఖర్చుకి అక్కడి ప్రొఫెషనల్ బేస్‌బాల్ కుప్పకూలింది, మళ్లీ లీగ్ మొదలైంది 1951లో. పిట్స్‌బర్గ్‌లో గ్రీన్‌లీ జట్టు ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. ఆయన ముచ్చటపడి కట్టించిన స్టేడియాన్ని 1938లో పడగొట్టేశారు. నల్లజాతి సొమ్ముతో, నల్లజాతి వాళ్ల కోసం నిలబడ్డ సంస్థ అది. బేరం చెయ్యడం పేజ్ హక్కు అని నేనంటాను, ఆ బేరం మూల్యంలో కొంత పక్కవాడి జేబులోంచి పోయిందని కూడా అంటాను. రెండూ నిజాలే, నేను ఒకదాన్ని దాచలేను.

వెళ్లినవాళ్ల మీద లీగ్ నిషేధం పెట్టింది. వాళ్లేం చేశారో తెలుసా? ట్రుహీయో ఆల్ స్టార్స్ అని పేరు పెట్టుకుని అమెరికాలోనే తిరిగి, ఆ వేసవిలోనే డెన్వర్ పోస్ట్ టోర్నమెంటు గెలిచారు. నిషేధించిన యజమానులే తర్వాత వాళ్లని పిలిచి పెట్టుకున్నారు. టికెట్లు అమ్ముడుపోవాలి కదా.

1938లో గ్రీన్‌లీ విసిగిపోయి పేజ్ కాంట్రాక్టుని న్యూవార్క్ ఈగిల్స్‌కి అమ్మేశాడు. పేజ్ న్యూవార్క్ వైపు కూడా చూడలేదు. మెక్సికో బండెక్కాడు. అప్పుడు మెక్సికోలో ఏలుతున్నవాడు క్యూబా నుంచి వచ్చిన మార్టీన్ దిహీగో. పిల్లలూ, ఈ పేరు రాసి పెట్టుకోండి. ఆ ఏడాది పిచ్చర్‌గా 18 గెలిచి 2 ఓడాడు, బ్యాటింగ్‌లో సగటు .387. రెంటిలోనూ ముందున్నాడు. ఇప్పుడు బంతి విసరడమూ, బ్యాటింగూ రెండూ చేసే జపాన్ ఆటగాడు ఒహ్తానీని చూసి మనం నోళ్లు తెరుస్తున్నాం కదా, దిహీగో ఆ పని ఎనభై తొంభై ఏళ్ల కిందటే చేశాడు.

పేజ్‌కి మాత్రం మెక్సికోలో చెయ్యి పడిపోయింది. భుజం పైకి లేవదు. పన్నెండేళ్లుగా వేసవీ చలికాలం లేకుండా విసిరిన చెయ్యి ఒకరోజు ఆగిపోయింది. ఇక ఆట అయిపోయినట్టేనని డాక్టర్ చెప్పాడట. ముప్పై రెండేళ్లు. అంతవరకూ ఆయన వెంటపడ్డ యజమానులు ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు. బేరం సరుకు చెయ్యే, ఆ చెయ్యే పోయింది.

అప్పుడు పిలిచింది మన ఊరు. కాన్సాస్ సిటీ మోనార్క్స్ యజమాని జె. ఎల్. విల్కిన్సన్. తెల్లజాతి మనిషి, నల్లజాతి ఆటగాళ్లు గౌరవించిన మనిషి. 1930లోనే లారీల మీద దీపస్తంభాలు తీసుకెళ్లి ఊరూరా రాత్రి మ్యాచ్‌లు ఆడించాడు. పెద్ద లీగ్‌లో రాత్రి మ్యాచ్ జరగడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. విల్కిన్సన్ పేజ్‌ని అసలు జట్టులోకి తీసుకోలేదు, ఊళ్లు తిరిగే రెండో జట్టుకి పంపాడు. బంతి సరిగ్గా విసరకపోయినా పర్లేదు, ఆ పేరు చూడ్డానికే జనం వస్తారని. మోనార్క్స్ ట్రైనర్ ఫ్లాయిడ్ రోజూ నూనెలు రాసి మర్దనా చేసేవాడు, వేడినీళ్లు పోసేవాడు. 1939లో ఎప్పుడో చెయ్యి తిరిగొచ్చింది. ఎలా వచ్చిందంటే వైద్యశాస్త్రం ప్రకారం నేను చెప్పలేను. ఎక్కువరోజులు గట్టిగా విసరకుండా ఉండటమే అసలు మందేమో అని నా అనుమానం.

తిరిగొచ్చిన చెయ్యి ఎలా ఉందో ప్యూర్టో రికో చూసింది. ప్యూర్టో రికో అమెరికా కిందే ఉంది గానీ, భాష వేరు, లీగ్ వేరు. 1939-40 చలికాలంలో గుయామా జట్టుకి 19 గెలుపులు, 3 ఓటములు, 208 స్ట్రయికవుట్లు, అంటే మూడు స్ట్రయిక్‌లతో బ్యాటర్ని ఔట్ చెయ్యడం. ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడు ఆయనే. ఆ ఊరికి మంత్రగాళ్ల ఊరని పేరు. ఒక మ్యాచ్ మధ్యలో పక్కన దెయ్యం కనిపించిందని పేజ్ దిబ్బ దిగి వెళ్లిపోయాడని అక్కడ కథ చెప్పుకుంటారు. అలిసిపోయి సాకు చెప్పాడేమోనని నాకనిపిస్తుంది గానీ, గుయామా వాళ్ల దగ్గర ఆ మాట అనకండి.

యవ్వనంలో కేవలం వేగం. చెయ్యి దెబ్బతిన్నాక తెలివి కలిసింది. ఆయనకో బంతి ఉండేది, ఆగి విసిరే బంతి. ఎడమ కాలు నేలకి ఆనించేస్తాడు, కానీ చెయ్యి రాదు. బ్యాటర్ అప్పటికే బ్యాట్ ఊపేస్తాడు. అప్పుడొస్తుంది బంతి. 1948లో దాన్ని మేజర్ లీగ్‌లో ఒక భాగమైన అమెరికన్ లీగ్ అధ్యక్షుడు విల్ హారిడ్జ్ చెల్లదన్నాడు.

1948 అన్నాను కదా, అంటే తలుపు తెరుచుకుంది. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఆ కట్టు తెంచి, పెద్ద లీగ్‌లో బ్రూక్లిన్ తరఫున బరిలోకి దిగాడు. ఆ రాబిన్సన్ అంతకుముందు 1945లో ఆడింది మోనార్క్స్‌కే, పేజ్ ఉన్న జట్టులో. మొదటివాడు తనే కావాలనుకున్నాడు పేజ్, బాధపడ్డాడు, ఆ బాధ దాచుకోలేదు కూడా. మరుసటి ఏడు జులై 7న, నలభై రెండో పుట్టినరోజున, క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వీక్ ఆయనతో కాంట్రాక్టు రాయించాడు. ముసలివాణ్ని తెచ్చి ప్రచారం చేసుకుంటున్నాడని పత్రికలు తిట్టాయి. ఆగస్టులో ఆయన మొదలుపెట్టిన మూడు మ్యాచ్‌లకి వచ్చిన జనం 2,01,829. ఆ సీజన్లో 6 గెలిచి 1 ఓడాడు, క్లీవ్‌లాండ్ మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. వరల్డ్ సిరీస్‌లో బంతి విసిరిన మొదటి నల్లజాతి పిచ్చర్ ఆయనే. తర్వాత సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కి ఆడుతూ 1952లో, 53లో ఆల్ స్టార్ జట్టుకి ఎంపికయ్యాడు. వయసు లెక్క మీరే వేసుకోండి.

ఆ లెక్క వేసుకున్నాక ఇది వినండి. 1965 సెప్టెంబరు 25న, ఇదే కాన్సాస్ సిటీలో, అప్పటి ఇక్కడి జట్టు అథ్లెటిక్స్ యజమాని చార్లీ ఫిన్లీ యాభై తొమ్మిదేళ్ల పేజ్‌ని బాస్టన్ మీదకి దింపాడు. తమాషా కోసం పక్కన ఊగే కుర్చీ వేయించి, ఒక నర్సుని కూడా కూర్చోబెట్టాడు. ఆ ఏర్పాటు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పేజ్ ఏమీ అనలేదు. మూడు ఇన్నింగ్స్ విసిరాడు. పరుగు ఇవ్వలేదు. హిట్ కొట్టింది ఒక్క కార్ల్ యస్ట్రెమ్‌స్కీ.

డబ్బు కథ అక్కడితో అయిపోలేదు. మేజర్ లీగ్ పింఛను రావాలంటే ఇన్ని రోజులు జట్టులో ఉండాలని నియమం. పేజ్‌కి 158 రోజులు తక్కువ. నలభై రెండేళ్ల దాకా లోపలికి రానివ్వకుండా, ఇప్పుడు రోజులు తక్కువంటున్నారు. జట్లన్నిటికీ ఉత్తరాలు రాశాడు. 1968లో అట్లాంటా బ్రేవ్స్ మాత్రమే సరేనని కోచ్‌గా పేరు రాసుకుని ఆ రోజులు పూర్తి చేయించింది. చివరిసారిగా బేరం గెలిచాడు, ఈసారి సరిహద్దు దాటకుండా.

1971లో గొప్ప ఆటగాళ్ల పేర్లు నిలబెట్టే హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు నల్లజాతి లీగుల ఆటగాళ్లకి ఒక పక్క గదిలో విడిగా పలకలు పెడతామన్నారు. జనం మండిపడ్డారు, దాంతో ఆ వేసవిలోనే పేజ్‌ని అందరితో సమానంగా తీసుకున్నారు. ఇంకా ఆలస్యంగా, 2020 డిసెంబరులో నల్లజాతి లీగులు కూడా మేజర్ లీగులేనని ఒప్పుకున్నారు. 2024లో ఆ లెక్కలన్నీ కలిపేసరికి, మన డ్రాగన్ల జట్టు జాష్ గిబ్సన్ .372 సగటుతో మొత్తం మేజర్ లీగ్ చరిత్రలోనే పైకి వచ్చి కూర్చున్నాడు. ఆయన 1947లోనే, రాబిన్సన్ ఆడటానికి మూడు నెలల ముందు, ముప్పై అయిదేళ్లకే చనిపోయాడు.

డొమినికన్‌లోనూ, మెక్సికోలోనూ, ప్యూర్టో రికోలోనూ పేజ్ విసిరిన బంతులు ఈ కొత్త లెక్కల్లో లేవు. అవి బయటి లీగులు, కలపరు. న్యాయమేనా అంటే నాకైతే గొంతులో పడట్లేదు. అక్కడికి వెళ్లేలా చేసింది ఇక్కడి తలుపే కదా.

ఇక చాలు, బిర్యానీ వాసన వస్తోంది. వచ్చే నెలలో మ్యూజియంకి వెళ్దామనుకుంటున్నాం, రావాలనుకునేవాళ్లు పేర్లు రాయించండి, కార్లు ఎన్ని కావాలో చూసుకుంటాం. ఈలోపు ప్రశ్నలు. పిల్లలకే ముందు అవకాశం. ఆ ఎర్ర టోపీ బాబు, నువ్వు అడుగు.